పవర్ బటన్ ఐదుసార్లు: మూడేళ్లు వాడాక నా అనుభవం

ఫోన్‌లోనే ఉండే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ గురించి ఇది. పవర్ బటన్ గబగబా ఐదుసార్లు నొక్కితే మనం ముందే ఎంచుకున్నవాళ్లకి లొకేషన్‌తో మెసేజ్ వెళ్తుంది. ఎలా ఆన్ చేసుకోవాలో చెప్పే వీడియోలకు కొదవ లేదు కాబట్టి అదంతా వదిలేస్తున్నాను. అందులో ఉన్న ఒక్క సెట్టింగ్ మీద నాకున్న కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

అది అలారం శబ్దం. నా ఫోన్‌లో ఐదోసారి నొక్కగానే ఐదు సెకన్ల లెక్క మొదలవుతుంది, అంతసేపూ ఫోన్ సైరన్‌లా మోగుతుంది. జేబులో పొరపాటున నొక్కుకుపోతే మనం ఆపుకోవడానికి ఆ ఏర్పాటు. వీధిలో వెంటపడేవాడైతే ఆ మోతకి బెదిరిపోతాడు కూడా. కొట్టేవాడు ఇంట్లోనే, నాలుగడుగుల దూరంలో ఉంటే?

ఆ రాత్రి నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. చెయ్యి వీపు వెనక పెట్టుకుని, లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ బొటనవేలితో నొక్కాను. ఫోన్ సైలెంట్‌లోనే ఉంది. అయినా మోగింది. నా భర్త అరుపు ఠక్కున ఆగిపోయింది. "ఎవరికి చేశావ్?" అన్నాడు. "మందుల అలారం" అన్నాను. నమ్మలేదు. చెయ్యి మెలిపెట్టి ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. అప్పటికే ఐదు సెకన్లు అయిపోయాయని నాకు తెలీదు. ఆ తర్వాత జరిగినదానికి ఆ మోత కూడా ఒక కారణమనే ఇప్పటికీ అనుకుంటాను.

మెసేజ్ అక్కకి చేరింది. తను నా ఫోన్‌కి చేయలేదు, అతని ఫోన్‌కి చేసింది. "మరిదీ, మీ వీధి మలుపులోకి వచ్చేశాం, తలుపు తీసి ఉంచు" అంది. నిజానికి అప్పుడింకా బావ బండి తాళాలు వెతుకుతున్నాడట. వాళ్లు వచ్చేదాకా అతను కుర్చీలోంచి లేవలేదు.

మొదటి ఏడాదంతా "నన్ను ఆ ఫోనే కాపాడింది" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ ఫోన్ అతను కొన్నది, అకౌంట్ అతను తెరిచింది, పాస్‌వర్డ్ అతనికి తెలుసు. నేను ఎక్కడెక్కడికి వెళ్లానో అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉండేదని చాలా నెలల తర్వాత తెలిసింది. అక్కకి నా దారి చూపించినట్టే అతనికీ చూపించింది. 2022లో ఐఓఎస్ 16తో ఐఫోన్లలో వచ్చిన సేఫ్టీ చెక్ ఈ చిక్కు కోసమే: మన లొకేషన్, ఫొటోలు, పాస్‌వర్డ్‌లు ఎవరి చేతిలో ఉన్నాయో ఒకేచోట చూసి తెంచేయొచ్చు. అయితే అన్నీ ఒక్కసారిగా తెంచేస్తే అవతలివాడికి తెలిసిపోతుంది. ఎక్కడికి వెళ్లాలో, ఎవరు తోడొస్తారో ముందు తేల్చుకుని, అప్పుడే దాని జోలికి వెళ్లండి.

బ్రైట్ స్కైలాగా వాతావరణం యాప్ వేషంలో ఉండే సహాయ యాప్‌లు కూడా ఉన్నాయి. రోజూ నా ఫోన్ తిరగేసే మనిషి పక్కన కొత్త యాప్ బొమ్మ ఏది కనిపించినా ప్రశ్నే, అందుకే నాకు కుదరలేదు. ఐదు నొక్కులకి బొమ్మ ఉండదు. నాకు నచ్చింది అదే.

కాబట్టి ఆన్ చేసుకోమనే చెప్తాను, కానీ ఆన్ చేసిన వెంటనే అలారం శబ్దం ఆఫ్ చేయండి. ఆ సెట్టింగ్ పేరు ఫోన్‌ని బట్టి మారుతుంది, ఐఫోన్‌లోనూ చప్పుడు లేకుండా కాల్ చేసే వీలుంది. ఇంకోటి, అర్ధరాత్రి మెసేజ్ చూసి లేచే అక్క నాకుంది. అలాంటివాళ్లు లేకపోతే ఇది ఎంతవరకు పనికొస్తుందో నేను చెప్పలేను. ఎమర్జెన్సీ నంబరుకి కాల్ వెళ్లేలా పెట్టుకోవచ్చు, నేను మాత్రం ఎప్పుడూ వాడి చూడలేదు.

ఇప్పుడు ఫోన్ నాది, అకౌంట్ నాది. పోయిన వారం సంచిలో ఏదో ఒత్తుకుని మెసేజ్ వెళ్లిపోయింది. శబ్దం లేదు కాబట్టి నాకు తెలియనే లేదు. రెండు నిమిషాల్లో అక్క ఫోన్, "ఎక్కడున్నావే?" అంటూ. గొంతు వణుకుతోంది. తనకి క్షమాపణ చెప్పుకున్నాను. శబ్దం మాత్రం ఆన్ చేయలేదు.