50 మి.మీ. లిఫ్ట్ చేసిన జిమ్నీకి క్యాస్టర్: బుష్‌లా, బ్రాకెట్లా, కొత్త ఆర్మ్‌లా?

లిఫ్ట్ కిట్ (బండిని నేల నుంచి ఇంకా పైకి లేపే స్ప్రింగుల సెట్) వేశాక సుజుకి జిమ్నీ గంటకు 80 కి.మీ. దాటితే స్టీరింగ్ తేలిపోతుంది. మలుపు తిప్పి వదిలితే తనంతట తాను వెనక్కి రాదు. అలైన్‌మెంట్ షాపులో టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసి పంపేస్తారు. ముందున్నది సాలిడ్ ఆక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) కాబట్టి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు అదొక్కటే. పోయింది మాత్రం క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం; స్టీరింగ్‌ను తిన్నగా నిలిపేది అదే. ఎన్నిసార్లు టో తిప్పినా అది తిరిగి రాదు.

ముందు ఆక్సిల్‌ను రెండు ఆర్మ్‌లు వెనకవైపు చాసిస్‌కి పట్టి ఉంచుతాయి. బండి పైకి లేస్తే ఆర్మ్ ముందు కొస కిందికి వాలుతుంది. దానికి బిగించిన ఆక్సిల్ కూడా ముందుకు తిరుగుతుంది. ఆర్మ్ పొడవు 800 మి.మీ. అనుకుంటే, 50 మి.మీ. లిఫ్ట్‌కు దాదాపు 3.5 డిగ్రీల క్యాస్టర్ పోతుంది. కిట్ వేయకముందే చదునైన నేల మీద బండి నిలిపి, ఆక్సిల్ మీద ఒక చోట డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టి రీడింగ్ రాసుకోండి. లిఫ్ట్ తర్వాత అదే నేల మీద, అదే చోట మళ్లీ చూడండి. ఆ తేడాయే మీరు తిరిగి తెచ్చుకోవాల్సింది.

అన్నిటికన్నా చవక ఆఫ్‌సెట్ బుష్‌లు. బుష్ అంటే ఆర్మ్‌లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు లాంటి గొట్టం; వీటిలో బోల్టు రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉంటుంది. మామూలుగా 2 డిగ్రీల దాకా తెస్తాయి, అంటే 30 మి.మీ. లిఫ్ట్‌కు చాలు, 50కి చాలవు. పాతవి తీయడానికి హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. ఒక్కో ఆర్మ్‌లో ఆక్సిల్‌ను పట్టే రెండిటిలో ముందు బుష్ రంధ్రం పైకి, వెనక బుష్ రంధ్రం కిందికి ఉండాలి. తిరగేస్తే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది. ఇంకో లోపం, వీటిని చేసే పాలియురెథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్) గట్టిదనం. ఒక చక్రం గుంటలోకి దిగి రెండోది రాయెక్కినప్పుడు ఆక్సిల్ మెలితిరగాలంటే ఆ బుష్‌లే లొంగాలి. అవి లొంగకపోతే చక్రం గాలిలో వేలాడుతుంది.

డ్రాప్ బ్రాకెట్లు ఆర్మ్ వెనక కొసను చాసిస్ దగ్గర కిందికి దించుతాయి. ఆర్మ్ మళ్లీ పాత కోణానికి దగ్గరగా వస్తుంది కాబట్టి క్యాస్టర్ తిరిగి రావడంతో పాటు గతుకుల మీద కుదుపు కూడా తగ్గుతుంది. ఒరిజినల్ రబ్బరు బుష్‌లు అలాగే ఉంటాయి. వద్దనుకుంటే విప్పేయొచ్చు. కానీ బ్రాకెట్ సరిగ్గా రాయి తగిలే చోటే వేలాడుతుంది. హైవే, మట్టిరోడ్లు, బురద వరకైతే నా ఓటు దీనికే.

రాళ్ల దారులే మీ దారులైతే మాత్రం క్యాస్టర్ కోణం కలిపి చేసిన కొత్త ఆర్మ్‌లకు డబ్బు పెట్టండి. 3 డిగ్రీల పైన తెస్తాయి, కింద ఏమీ వేలాడదు. కొనేముందు రబ్బరు బుష్ పడుతుందా, వెల్డింగ్ ఎలా ఉందన్నది చూడండి. ఖర్చు మూడింటిలో ఇదే ఎక్కువ.

ఏది వేసినా ఆక్సిల్ వెనక్కి తిరిగితే పినియన్ ముక్కు (ఆక్సిల్‌లోకి షాఫ్ట్ కలిసే చోటు) కిందికి వాలుతుంది, ఇంజిన్ శక్తిని ముందు ఆక్సిల్‌కు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది. కాబట్టి క్యాస్టర్ అవసరానికి మించి తెచ్చుకోవద్దు.

పని వరుస కూడా ముఖ్యమే. బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. క్యాస్టర్ కుదిరాక చాసిస్ నుంచి రెండు వైపులా టైరు దూరం కొలవండి. తేడా 10 మి.మీ. ఉంటే ఆక్సిల్ 5 మి.మీ. పక్కకు జరిగినట్టు. దాన్ని అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్‌తో (ఆక్సిల్ పక్కలకు జరగకుండా చాసిస్‌కి పట్టి ఉంచే అడ్డ కడ్డీ) సరిచేయాలి. తర్వాత టో, ఆ తర్వాత డ్రాగ్ లింక్‌తో (స్టీరింగ్ బాక్స్‌ను చక్రాలకు కలిపే కడ్డీ) స్టీరింగ్ వీల్‌ను మధ్యకు తేవాలి. ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లైట్ వెలిగితే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను స్కానర్‌తో రీసెట్ చేయించండి. స్ప్రింగులు కాస్త కూర్చుంటాయి కాబట్టి 500 కి.మీ. తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, టో ఇంకోసారి కొలిపించండి.