లాల్‌బాగా, కబ్బన్ పార్కా: పిల్లాపాపలతో బెంగళూరు వెళ్తే ఏది మేలు?

హిందూపురం, అనంతపురం వైపు నుంచి పొద్దున రైలు దిగి రాత్రికి తిరిగి వెళ్లేవాళ్లయినా, బెంగళూరులోనే ఉంటూ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఏదో ఒకటి చూపించాలనుకునేవాళ్లయినా ముందు తలుచుకునేది లాల్‌బాగ్‌నే. పేరుకు తగ్గ తోటే అది. కానీ వెంట పదేళ్లలోపు పిల్లలుంటే, అందులోనూ ఆదివారమైతే, మా ఓటు కబ్బన్ పార్కుకే.

లాల్‌బాగ్ 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, తర్వాత టిప్పు సుల్తాన్ పెంచాడు. ఇప్పుడు 240 ఎకరాలు. చుట్టూ గోడ ఉంది, గేటు దగ్గర టికెట్ కొనాలి. ఆ గోడే పెద్ద సుఖం: పిల్లాడు చెయ్యి విడిపించుకుని పరిగెత్తినా రోడ్డు మీదికి పోడు. చిక్కంతా నడకతోనే. మెట్రో దిగి వెస్ట్ గేటులో అడుగుపెడితే, బెంగళూరును కట్టించిన కెంపేగౌడ పేరిట బురుజు ఉన్న బండ తోటకు అవతలి వైపు ఉంటుంది. గాజు భవనం, బండ, చెరువు మూడూ చూసి వెనక్కి రావాలంటే పెద్దవాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి, నాలుగేళ్ల పిల్ల ఎత్తుకోమని మారాం చేస్తుంది. బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను వచ్చీరాగానే ఎక్కించేయండి, అలిసిపోయాక వెతుక్కుంటే దొరకవు.

గాజు భవనం దగ్గర చాలామంది ఉసూరుమంటారు. 1889లో బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేసిన ఇనుము, గాజు కట్టడం అది. ఫొటోల్లో కనిపించే పూల గోపురాలు, పూల బొమ్మలు ఫ్లవర్ షో రోజుల్లోనే ఉంటాయి. మామూలు రోజుల్లో లోపల ఖాళీ, బయటి నుంచే చూడాలి. షోలు ఏడాదికి రెండు, జనవరి 26కీ ఆగస్టు 15కీ ముడిపెట్టి. అప్పుడు వెళ్లదలిస్తే పనిరోజు, పొద్దున్నే వెళ్లాలి. సెలవు రోజు మధ్యాహ్నం క్యూలో మనుషుల వీపులే కనిపిస్తాయి. చంటిపిల్లల తోపుడుబండి ముందుకు కదలదు, కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు.

బండ సంగతి వేరు. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే రకం శిల, జాతీయ భూవిజ్ఞాన స్మారకం. దాని మీద నీడనేది లేదు. తొమ్మిదిలోపు గానీ ఐదు దాటాక గానీ ఎక్కాలి. వాన పడిన మర్నాడు పాచి పట్టిన చోట జర్రున జారుతుంది, నున్నటి అడుగున్న చెప్పులతో వద్దు. తోటలో మేం తప్పక చూడమనేవి మరో రెండు: వేళ్లు గోడల్లా పైకి లేచిన పాత తెల్లబూరుగు, తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన 2 కోట్ల ఏళ్ల శిలాజ మాను. రాయైపోయిన చెట్టు అని చెబితే ఏడెనిమిదేళ్ల పిల్లలు కళ్లింత చేసుకుని చూస్తారు. అంతకంటే చిన్నవాళ్లకు అదో రాయి, అంతే. వాళ్లు ఆడుకునే సరంజామా ఇక్కడ తక్కువ, చెరువులో బోటింగూ లేదు.

ఆ కొరత కబ్బన్ పార్కు తీరుస్తుంది. 1870లో మైసూరు చీఫ్ ఇంజినీరు రిచర్డ్ శాంకీ చేతుల మీదుగా వెలిసిన ఈ పార్కుకు టికెట్ లేదు. బాల భవన్‌లో ఆట సామాన్లతో పాటు పుటాణి ఎక్స్‌ప్రెస్ అనే చిన్న రైలుంది. ఎండ ముదిరితే కస్తూర్బా రోడ్డు వైపున్న విశ్వేశ్వరయ్య మ్యూజియంలోకి వెళ్లిపోవచ్చు: రైట్ సోదరుల విమానం నమూనా, కదిలే డైనోసార్, మీటలు నొక్కి చూసే యంత్రాలు. రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. (గిద్దలూరు దగ్గరి మోక్షగుండమే ఆయన ఇంటిపేరులో ఉన్న ఊరు. పిల్లలకు చెప్పండి.) మ్యూజియానికి మాత్రం టికెట్ ఉంది.

మరి ఆదివారమే ఎందుకంటే, ఈ పార్కు మధ్యలోంచి రోడ్లున్నాయి. పనిరోజుల్లో వాటి మీద కార్లు, బైకులు పోతుంటాయి, చెయ్యి వదిలితే గుండె ఝల్లుమంటుంది. ఆదివారం వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా సైకిళ్లదీ స్కేటింగ్ పిల్లలదీ. అయితే ఆ రోజే పెంపుడు కుక్కలూ ఎక్కువ, వాటికంటూ పార్కులో వేరే ఆవరణే ఉంది. కుక్కంటే బెదిరే పిల్లలుంటే ఆ వైపు పోకండి. టాయిలెట్లు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి మెట్రో స్టేషన్లోనో మ్యూజియంలోనో ఆ పని కానిచ్చేయాలి.

దారి కూడా చూసుకోండి. మెజెస్టిక్‌లో, అంటే బెంగళూరు ప్రధాన స్టేషన్లో, రైలు దిగినవాళ్లకు రెండూ దగ్గరే: మెట్రో పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ వైపు మూడో స్టేషన్ కబ్బన్ పార్కు, గ్రీన్ లైన్‌లో దక్షిణంగా నాలుగోది లాల్‌బాగ్. తిరుపతి, చిత్తూరు నుంచి కోలారు మీదుగా వచ్చే బస్సైతే మెజెస్టిక్ దాకా ట్రాఫిక్‌లో నలగక్కర్లేదు. కె.ఆర్. పురంలో దిగి పర్పుల్ లైన్ ఎక్కితే నేరుగా కబ్బన్ పార్కే.

రెండూ ఒకే రోజు కావాలంటే క్రమం తప్పకూడదు. ఆరింటికి లాల్‌బాగ్ తెరుస్తారు, ముందు బండ ఎక్కి దిగాలి. ఎనిమిదిన్నరకు మెయిన్ గేటు నుంచి బయటపడితే దగ్గర్లోనే ఎం.టి.ఆర్. హోటల్లో రవ్వ ఇడ్లీ (సోమవారం సెలవు, ఆదివారం చాలాసేపు నిలబడాలి). ఎండ వేళ మ్యూజియం, నాలుగు తర్వాత బాల భవన్. పులిహోర, పెరుగన్నం డబ్బాలు తెచ్చి దుప్పటి పరుచుకుని తిందామనుకుంటే రెండుచోట్లా గార్డులతో పేచీ, కాబట్టి భోజనం బయటే చూసుకోవాలి. ఐదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం ఒకే రోజు రెండూ పెట్టుకోకండి, ఒక్కదానితోనే సరిపెట్టుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. ముసలి చెట్ల కొమ్మలు అప్పుడే విరిగిపడతాయి. మబ్బు కమ్మగానే చెట్టు కింద నిలబడకుండా మెట్రో వైపు నడవండి.