సీడీ–సీఎఫ్‌ఏ పాత రేట్లు చూపే యాప్: విశాఖ జీడిగింజల వ్యాపారులకు పనికొస్తుందా?

ఒక సీడీకి (ఘనా కరెన్సీ) ఎన్ని సీఎఫ్‌ఏలు (ఐవరీ కోస్ట్ వాడే ఫ్రాంకు) వచ్చేవో ఈ యాప్ చూపిస్తుంది. ఘనా, ఐవరీ కోస్ట్ పచ్చి జీడిగింజల ధరలను పోల్చి చూసి విశాఖ పోర్టుకు సరుకు తెప్పించేవాళ్లకు ఈ యాప్ సగం పనికొస్తుంది. ఆ సగం మాత్రం బాగానే ఉంది.

పెద్ద లోపం 2007 జులై 1 దగ్గర ఉంది. ఆ రోజు ఘనా 10,000 పాత సీడీలను ఒక కొత్త సీడీగా మార్చింది. యాప్ దాన్ని సర్దలేదు. గ్రాఫ్‌లో గీత నేల మీంచి తాటిచెట్టెక్కినట్టు ఒక్కసారిగా లేస్తుంది. అంతకుముందు రేట్లను 10,000తో గుణించుకుని చూడండి. 1994 జనవరిలో కనిపించే పెరుగుదల మాత్రం నిజమే, అప్పుడు సీఎఫ్‌ఏ విలువ సగానికి తగ్గించారు: ఫ్రెంచి ఫ్రాంకుకు 50 సీఎఫ్‌ఏలు ఉన్నది 100 అయింది.

ఈ జంట రేటును డాలర్ మీదుగా లెక్కగడతారు. సరిచూడటం తేలికే. సీఎఫ్‌ఏ యూరోకి 655.957 దగ్గర కట్టేసి ఉంటుంది. యూరో 1.10 డాలర్లు అనుకుంటే, డాలర్‌కు 596.32 సీఎఫ్‌ఏ. డాలర్‌కు 12 సీడీలైతే ఒక సీడీ 49.69 సీఎఫ్‌ఏ. యాప్ అంకె ఆ రోజు రేట్లతో ఇలా లెక్కగట్టినదానికి దూరంగా ఉంటే తేదీలు కలవలేదన్నమాట. శని, ఆదివారాల్లో శుక్రవారం రేటే మళ్లీ చూపిస్తుంది, సగటు తీసేటప్పుడు వాటిని వదిలేయండి.

ఇవి కొనుగోలు, అమ్మకం రేట్లకు నడిమి రేట్లు, బ్యాంకు ఇచ్చేవి కావు. బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ఎలాగూ కస్టమ్స్ ప్రకటించిన రేటే వేయాలి. ఎక్సెల్ డౌన్‌లోడ్ ఉంది, అదొక్కటి మెచ్చుకోవాలి.