జాగ్రత్త: "లేడీస్ హంటింగ్ బో" అని వైజాగ్‌లో అంటగడుతున్న 70 పౌండ్ల విల్లు

వైజాగ్‌లో కొత్తగా విలువిద్య మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్ళూ, చెల్లికో భార్యకో విల్లు కానుకగా ఇద్దామనుకునేవాళ్ళూ డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఫోన్‌లో ప్రకటన చూపించి, వాట్సాప్‌లో బేరమాడి, యూపీఐలో మొత్తం ముందే వేయించుకుని "లేడీస్ హంటింగ్ బో, ఫుల్ కిట్" పంపిస్తున్నారు. వచ్చేది ఆడవాళ్ళ విల్లు కాదు సరికదా, కొత్తగా నేర్చుకునే మగవాడు కూడా ముట్టుకోకూడనిది.

ఎంవీపీ కాలనీకి వచ్చిన అలాంటి పార్శిల్ ఒకటి చూడండి. కొన్నది అయిదడుగుల రెండంగుళాల అమ్మాయి, అంతకుముందు విల్లు పట్టింది లేదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో "320 ఎఫ్‌పీఎస్", అంటే బాణం సెకనుకి పోయే అడుగులు. విల్లుకి గులాబీ రంగు పూత. కింది లింబ్ (విల్లులో వంగే బద్ద) లోపలి వైపు, వేలెడంత స్టిక్కరు మీద అసలు సంగతి ఉంది: డ్రా వెయిట్ (లాగడానికి పట్టే బలం) 60-70 పౌండ్లు, డ్రా లెంగ్త్ (నారి లాగే దూరం) 29-30 అంగుళాలు. అంటే ఆరడుగులకి అటూ ఇటూ ఉన్న, బాగా అలవాటున్న మగవాడి కొలత. అమ్మినాయన్ని అడిగితే "యూనివర్సల్ సైజు మేడమ్, స్క్రూలు వదులు చేసుకోండి, తగ్గిపోద్ది" అన్నాడు. ఆ స్క్రూల మాటే అన్నిటికన్నా ప్రమాదం. దాని సంగతి కాసేపట్లో.

ముందు "హంటింగ్" అన్న మాట తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మన దగ్గర వేట నేరం. ఆ చట్టం ఆయుధాల జాబితాలో విల్లు, బాణాల పేర్లు ఉన్నాయి. 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. కాబట్టి రీల్స్ కోసం భుజాన విల్లు తగిలించుకుని కంబాలకొండలోకి వెళ్ళడం కూడా చిక్కే. "అడవిపందికి ఫర్వాలేదండీ" అని అమ్మేవాడు భరోసా ఇస్తే, ఆ భరోసా అతని దగ్గరే ఉంచుకోమనండి.

అమెరికాలో చెట్ల మీద మంచె కట్టుకుని జింకల్ని వేటాడేవాళ్ళ కోసం చేసిన పొట్టి కాంపౌండ్ విల్లునే హంటింగ్ బో అంటారు. కాంపౌండ్ అంటే కొసల్లో క్యామ్‌లనే చక్రాలున్న విల్లు. పైనా కిందా ఉండే ఆ క్యామ్‌ల ఇరుసుల మధ్య దూరం 30 నుంచి 33 అంగుళాలు. కొమ్మల మధ్య తిప్పుకోవడానికి పొట్టిగా ఉండాలి, అంతే. టార్గెట్ కొట్టే కాంపౌండ్ ఎక్కువగా 36 నుంచి 40 అంగుళాలు ఉంటుంది, చేతిలో కదలకుండా నిలుస్తుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టాక కాంపౌండ్ మీద మోజు పెరిగింది, మంచిదే. కానీ ఆమెది టార్గెట్ విల్లు. పైగా అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్ డ్రా వెయిట్‌కి 60 పౌండ్లు పైహద్దు. డెబ్బై పౌండ్ల విల్లు వేటకి చట్టం ఒప్పుకోదు, పోటీకి నిబంధన ఒప్పుకోదు. ఇక దేనికమ్మా అది? వేటకి అనుమతి ఉన్న అమెరికాలోని కొలరాడోలో సైతం చట్టం అడిగే కనీసం 35 పౌండ్లే. అక్కడున్న బంధువులు "మేం ఇదే వాడతాం" అంటూ తమ పాత విల్లు సామాన్లలో పెట్టి పంపినా ఇదే లెక్క.

అసలు చూడాల్సిన మొదటి కొలత డ్రా లెంగ్త్. గోడకి వీపు ఆనించి, చేతులు రెండు పక్కలకి మామూలుగా చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిపించుకోండి. బలవంతాన సాగదీయకండి. వచ్చిన అంకెని 2.5తో భాగించండి. 62 అంగుళాలొస్తే మీ డ్రా లెంగ్త్ సుమారు 25. ఈ కొలతవాళ్ళు 29 అంగుళాల కాంపౌండ్ లాగితే ఏమవుతుంది? కాంపౌండ్‌లో క్యామ్ పూర్తిగా తిరిగితేనే బరువు తగ్గుతుంది, మధ్యలో ఆపితే తగ్గదు. అది తిరిగేదాకా లాగాలంటే చెయ్యి చెవి వెనక్కి పోతుంది, నడుము వెనక్కి వంగుతుంది, విల్లు పట్టిన మోచెయ్యి బిగుసుకుని లోపలికి తిరుగుతుంది. వదిలిన నారి ఆ మోచేతి లోపలివైపో, రొమ్ము మీదో చాచి కొడుతుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలిన గీత కనిపిస్తే డ్రా లెంగ్త్ ఎక్కువైందేమో చూసుకోండి. "మొదట్లో అందరికీ తగులుద్ది మేడమ్" అన్నది సాకు.

రెండోది డ్రా వెయిట్, అంటే లాగేటప్పుడు చేతిమీద పడే అత్యధిక బరువు. కొత్తగా మొదలుపెట్టే స్త్రీకి కాంపౌండ్ అయితే 25 నుంచి 35 పౌండ్లు, రికర్వ్ (చక్రాలు లేని, కొసలు ముందుకి వంగిన విల్లు) అయితే 16 నుంచి 20 చాలు. ఇక్కడ అమ్మేవాళ్ళకి ఒక పాత పాట ఉంది: "80 శాతం లెట్ ఆఫ్ ఉంది, 70 పౌండ్లయినా మీ చేతికి తగిలేది 14." లెట్ ఆఫ్ అంటే పూర్తిగా లాగాక తగ్గిపోయే బరువు. లెక్క తప్పు కాదు, సగమే చెప్పాడు. ఆ 14 పూర్తిగా లాగిన తరవాత. దానికి ముందు 70 అనే గట్టు దాటాలి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: బాణం వదలకుండా నారిని మెల్లగా వెనక్కి దించాల్సి వచ్చినప్పుడు ఆ 70 ఒక్క ఉదుటున తిరిగొస్తుంది. భుజం కీలు పట్టేసేది, చెయ్యి జారి నారి ఖాళీగా వదిలేసేది సరిగ్గా అక్కడే.

పరీక్ష తేలిక. కుర్చీ అంచున కూర్చుని, రెండు పాదాలూ నేల నుంచి కాస్త పైకెత్తి, బాణం పెట్టి, విల్లు టార్గెట్ వైపు సూటిగా ఉంచి, తిన్నగా వెనక్కి లాగాలి. విల్లు ఆకాశం వైపు లేచిందంటే, ఊపిరి బిగబట్టాల్సి వచ్చిందంటే, అది మీకు ఎక్కువ. లాగి అరనిమిషం ఆగి, మెల్లగా దించగలగాలి. లాగేటప్పుడు బొటనవేలైనా చూపుడువేలైనా రిలీజ్ (నారిని పట్టుకుని వదిలే పరికరం) ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు.

ఇక స్క్రూలు. లింబ్ బోల్టు ఒక పూర్తి చుట్టు తిప్పితే, మోడల్‌ని బట్టి, రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. 60-70 అని రాసున్న విల్లులో తగ్గించగలిగేది ఆ పదే. 35కి దించాలని ఇంకా తిప్పుకుంటూ పోతే బోల్టు మరలు నాలుగైదు మాత్రమే పట్టుకుని ఉంటాయి, బయటికి తేడా తెలీదు. లాగిన మరుక్షణం లింబ్ తన గూట్లోంచి ఎగిరొస్తుంది, మొహానికి ఎదురుగా. ఎన్ని చుట్లు వదలచ్చో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. పైదీ కిందిదీ సమానంగా తిప్పాలి, లేకపోతే క్యామ్‌ల జోడు తప్పుతుంది. పుస్తకమే లేని విల్లుకి బోల్టు ముట్టుకోకండి. డ్రా లెంగ్త్ అయితే బోల్టుతో అసలు మారదు, క్యామ్ మీది మాడ్యూల్ మార్చాలి.

డబ్బా మీది 320 ఎఫ్‌పీఎస్ కూడా మీకు రాదు. ఆ కొలత తీసేది 70 పౌండ్లు, 30 అంగుళాలు, 350 గ్రెయిన్ల (బాణం బరువు కొలిచే చిన్న ప్రమాణం) బాణంతో. డ్రా లెంగ్త్ ఒక్క అంగుళం తగ్గితే సుమారు 10 తగ్గుతుంది, బరువు తగ్గితే ఇంకా. వేగం చూసి విల్లు కొనడం మొదటి విల్లు విషయంలో పనికిరాని పని.

ఆ పార్శిల్‌లో బాణాలు చూసినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆరు కార్బన్ బాణాలు, స్పైన్ 900. స్పైన్ అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. 60-70 పౌండ్లకి సాధారణంగా 340-400 మధ్య గట్టివి కావాలి. 900 అనేది పిల్లల విల్లుకో, తేలిక రికర్వ్‌కో సరిపోయేది. "లేడీస్" కదా అని మెత్తనివి పడేశాడు, విల్లు మాత్రం మగవాళ్ళదే. అంత బరువుకి ఆ బాణం వంగి విరిగితే కార్బన్ పీచులు విల్లు పట్టిన చేతిలో దిగబడతాయి, ఎక్స్‌రేలో కూడా సరిగా కనపడవు. బాణం బరువు పౌండుకి కనీసం 5 గ్రెయిన్లు ఉండాలి: 40 పౌండ్లకి 200, 60కి 300. అంతకన్నా తేలికైతే ఖాళీ నారి వదిలినట్టే. శక్తి బాణంలోకి పోక లింబ్‌ల్లోకీ క్యామ్‌లోకీ తిరిగి కొడుతుంది. పొడవు చూస్తే, పూర్తిగా లాగినప్పుడు బాణం ములికి, బాణం ఆనే రెస్ట్ దాటి ఒక అంగుళమైనా బయట ఉండాలి. కొట్టేముందు ప్రతిసారీ బాణాన్ని చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచి చూడండి, చిటుక్కుమంటే విరిచి పారేయండి. కిట్‌లో వచ్చే బ్రాడ్‌హెడ్ బ్లేడ్ ములుకులు పక్కన పడేసి 100 గ్రెయిన్ల ఫీల్డ్ పాయింట్లు (బ్లేడ్ లేని సాధన ములుకులు) వాడండి.

పాత విల్లు, "కొత్తదే, ఒకసారే వాడారు" అనే విల్లు కొంటుంటే దూది ఉండ ఒకటి వెంట పెట్టుకోండి. లింబ్ మీదా అంచుల వెంబడా దూది రాస్తూ వెళ్ళండి. ఎక్కడైనా పోగు పట్టుకుందంటే అక్కడ ఫైబర్ లేచింది, పగులు మొదలైంది. క్యామ్ గాడిలో గోరు పెట్టి తిప్పితే నొక్కు తగలకూడదు. నారి మధ్యలో చుట్టిన దారం విడిపోయి ఉంటే బేరం ఆపేయండి. మన ఊరి ఉప్పుగాలికి ఇరుసులూ బోల్టులూ త్వరగా తుప్పు పడతాయి, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో మరీను. ఎండలో ఆపిన కారు డిక్కీలో విల్లు వదిలితే లింబ్ పొరల జిగురు దెబ్బతింటుంది.

మరేం కొనాలి? విడదీసి బిగించుకునే టేక్‌డౌన్ రికర్వ్, 62 నుంచి 66 అంగుళాల పొడవు, 18-20 పౌండ్ల లింబ్‌లు. ఆ అంకె 28 అంగుళాల దగ్గర కొలిచింది. మీరు 25 లాగితే అంగుళానికి రెండేసి పౌండ్ల చొప్పున తగ్గి 12-14 దాకా వస్తుంది, బెంగపడకండి. బలం పెరిగాక లింబ్‌లు మాత్రం మార్చుకోవచ్చు. కాంపౌండే కావాలంటే బేర్ క్రూజర్ జీ2, డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో లాంటి విశాలమైన సర్దుబాటున్నవి చూడండి. రెండిటికీ డ్రా వెయిట్ 5 నుంచి 70 పౌండ్లు, డ్రా లెంగ్త్ కూడా పిల్లల కొలత నుంచి పెద్దవాళ్ళ దాకా జరుగుతుంది. నారి మార్చాలంటే బో ప్రెస్ (విల్లుని నొక్కి పట్టే యంత్రం) కావాలి, అది ఎవరి దగ్గరుందో కొనకముందే కనుక్కోండి.

కుడా ఎడమా అన్నది కన్ను చెప్తుంది. చాచిన రెండు చేతులతో చిన్న త్రికోణం చేసి దూరంగా ఉన్న స్విచ్ బోర్డుని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు బోర్డు కదలకుండా ఉందో అది మీ ప్రధాన కన్ను. కుడి కన్నయితే రైట్ హ్యాండ్ విల్లు, దాన్ని పట్టుకునేది ఎడమ చేత్తో. చాలామంది ఇక్కడే తారుమారు ఆర్డరిస్తారు. కొట్టేటప్పుడు గాజులు, వేలాడే జుంకాలు, నల్లపూసలు, చున్నీ తీసేయాలి, జడ వెనక్కి బిగించాలి. ఆర్మ్‌గార్డ్, చెస్ట్‌గార్డ్ కిట్‌లో లేకపోతే విడిగా కొనండి. మేడ మీద, థర్మోకోల్ పెట్టుకుని అసలొద్దు, 30 పౌండ్ల విల్లు వదిలిన బాణం దాన్ని దాటి పక్క డాబా మీదకి పోతుంది.

డబ్బు కట్టేముందు లింబ్ స్టిక్కరు ఫొటో, దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న లేబుల్ ఫొటో అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపండి. పార్శిల్ విప్పేటప్పుడు సీలుతో సహా వీడియో తీయండి. బాణం లేకుండా నారి లాగి వదలొద్దు, "మీరే విరగ్గొట్టారు" అనడానికి అదే సాక్ష్యమవుతుంది. తప్పు సరుకొస్తే వాట్సాప్ మాటలు, చెల్లింపు రసీదు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు తీసుకుని మాయమైతే అది మోసం, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఎంవీపీ కాలనీ పార్శిల్‌ని విప్పేటప్పుడు తీసిన వీడియోలో స్టిక్కరు స్పష్టంగా పడింది. వాపసు తీసుకోనని భీష్మించిన అమ్మకందారు ఆ వీడియో చూశాక కొరియర్ ఖర్చు కోసుకుని మిగతా డబ్బు తిరిగి వేశాడు. ప్రకటన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, గులాబీ రంగు పోయి ఇప్పుడు ఊదా రంగు వచ్చింది.