గండికోటకు వెళ్ళేవాళ్ళు తాడిపత్రిని వదిలేయకండి

శనివారం సాయంత్రం గండికోటలో టెంటు వేసుకుని, ఆదివారం తెల్లవారుజామున లోయ ఫొటోలు తీసుకుని, దారిలో బెలుం గుహలు చూసి ఇంటిముఖం పట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. ఆ కోటను ఏలిన పెమ్మసాని నాయకులు శిల్పుల చేత అద్భుతంగా గుళ్ళు కట్టించిన తాడిపత్రి, బెలుంకు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అది చూడకుండా తిరిగొస్తే గండికోటను సగమే చూసినట్టు. రెండు రాత్రులు వీలైతే మొదటిది గండికోటలో, రెండోది తాడిపత్రిలో పెట్టుకోండి. యాగంటి శివాలయం కూడా కావాలంటే మూడో రోజు కలుపుకోవాలి.

గండికోటకు జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. జమ్మలమడుగులో రైల్వే స్టేషన్ ఉన్నా అక్కడ ఆగే బండ్లు తక్కువ. ఎక్కువ రైళ్ళు దొరికేది ఎర్రగుంట్లలో, అక్కడి నుంచి జమ్మలమడుగుకు బస్సులో రావచ్చు. జమ్మలమడుగు నుంచి కోటకు ఆర్టీసీ బస్సులు కొద్దిగానే తిరుగుతాయి కాబట్టి తిరుగు బస్సు ఎప్పుడో ఎక్కేటప్పుడే కండక్టర్ని అడగండి. ఆటో మాట్లాడుకుంటే వెయిటింగుతో కలిపి బేరం చేసుకోండి. నగదు, పెట్రోలు, మందులు జమ్మలమడుగులోనే చూసుకోవాలి, పైన దొరుకుతాయని నమ్మకం పెట్టుకోకండి.

బసకు మూడు దారులున్నాయి. కోటకు ముందే ఉన్న పర్యాటక శాఖ వారి హరిత హోటల్ పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకు మేలు. గదులు తక్కువ, వారాంతాల్లో ముందే నిండిపోతాయి. వీలైతే మామూలు రోజుల్లో వెళ్ళండి. రెండోది ప్రైవేటు టెంట్లు. డబ్బు కట్టేముందు మరుగుదొడ్డి ఎంత దూరం, ఎంతమందికి ఒకటి, రాత్రి పాటలు ఎప్పటిదాకా మోగుతాయి అని మూడు ప్రశ్నలు అడగండి. నిద్ర పాడయ్యేది ఎక్కువగా ఈ మూడోదాని వల్లే. డిసెంబరు, జనవరిలో రాత్రి చలిగాలి బాగా కొడుతుంది, టెంటువాళ్ళిచ్చే పల్చటి దుప్పటి చాలదు. మూడోది జమ్మలమడుగులో లాడ్జి. ఖర్చు తగ్గుతుంది, హోటళ్ళు దగ్గరుంటాయి, కానీ సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే బండి కట్టించుకోవాలి.

ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ పోయిన చోట కుడిగట్టున ఉంది కోట. గట్టు అంతా ఎర్రటి ఇసుకరాయి. పొరలు పొరలుగా పేర్చినట్టు ఉండి, నిలువు పగుళ్ళ వెంట దిమ్మలుగా విడిపోతుంది. చాలామంది దాన్ని గ్రానైట్ అని రాసేస్తున్నారు, అది తప్పు. ఈ పగుళ్ళ సంగతి తెలిస్తే లోయ అంచున ఎందుకు జాగ్రత్తపడాలో అర్థమవుతుంది. గట్టిగా కనిపించే బండ కింద ఆధారం లేకుండా ఉండొచ్చు. అంచు పొడవునా రెయిలింగు ఉండదు. తెల్లవారకముందే వెళ్తుంటే టార్చి, పట్టున్న బూట్లు ఉండాలి. వాన పడిన రోజు అంచు దాకా పోవద్దు. లోయలో నీళ్ళు ఎంత ఉంటాయన్నది కింద ఉన్న మైలవరం జలాశయం నిల్వను బట్టి మారుతుంది. అందుకే ఒకరి ఫొటోలో నిండుగా కనిపించిన నది మీరు వెళ్ళేసరికి సన్నగా ఉండొచ్చు. పడవ ఎక్కేట్టయితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, లేదంటే ఎక్కకండి.

లోయ కోసం వచ్చినవాళ్ళు కోటను గంటలో ముగిస్తారు. కనీసం మూడు గంటలు ఇవ్వండి. గోడల లోపల ఊరు ఇప్పటికీ ఉంది. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, జైలు, జాలీ కిటికీలున్న పావురాల గోపురం అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పెమ్మసాని వారి నుంచి గెలుచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. చివరి పెమ్మసాని ప్రభువును ద్రోహంతో విషం పెట్టి చంపారని జనం చెప్పుకుంటారు. మసీదు దగ్గరున్న కత్తుల కోనేరులో యుద్ధం తర్వాత కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయన్నది మరో కథ. కథలకు ఊళ్ళో పెద్దవాళ్ళను కదిలించండి, ఇక్కడ బోర్డుల మీద దొరికేది కొంచెమే. పొద్దున ఉగ్గాని-బజ్జి, మధ్యాహ్నం రాగి సంగటి దొరికితే వదలొద్దు. కోట దగ్గర భోజనం ముందే చెప్పి వండించుకోవాల్సి రావచ్చు.

గండికోట నుంచి బెలుం సుమారు 60 కిలోమీటర్లు. దారిలో ఎర్రరాయి పోయి నల్లటి నాపరాయి వస్తుంది. మన ఇళ్ళల్లో పరిచే కడప బండ ఈ జాతి సున్నపురాయే. నీళ్ళు కరిగించగలిగే రాయి కనుకనే ఇక్కడ గుహలు ఏర్పడ్డాయి. సిమెంటు, బండల లారీలు ఈ రోడ్ల మీద ఎక్కువ, చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోవద్దు.

గుహల సంగతి 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ బృందం లోపల కొలతలు తీసింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా చూడనిస్తారు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి మూడు గుంతలుంటాయి, నడిమిదే ప్రవేశం. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్తే పొరపాటు. గాలి లోపలికి పంపుతున్నా ఉక్కపోత ఎక్కువ, పది నిమిషాల్లో చెమట పట్టేస్తుంది. పల్చటి నూలు బట్టలు వేసుకోండి. కొన్ని చోట్ల బాగా వంగి నడవాలి. అన్నిటికంటే లోతైనది 46 మీటర్ల కింద ఉన్న పాతాళగంగ, అక్కడి మెట్లు తడిగా ఉంటాయి. ఆస్తమా, గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు మొదటి హాళ్ళు చూసి వెనక్కి రావడం మంచిది. గంటన్నర సరిపోతుంది. తెరిచిన వెంటనే వెళ్ళండి, స్కూలు బస్సులు వచ్చాక సన్నటి దారుల్లో నిలబడే చోటుండదు.

ఇక తాడిపత్రి. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర ఆలయం, ఊళ్ళో చింతల వెంకటరమణస్వామి ఆలయం. రెండూ పెమ్మసాని వారి కాలపు కట్టడాలే. మొదటిది పదిహేనో శతాబ్దం చివర రామలింగ నాయుడు మొదలుపెట్టింది, రెండోది తర్వాతి తరంలో తిమ్మానాయుడు కట్టించింది. బుగ్గ గుడిలో శివలింగం దగ్గర ఎప్పుడూ నీటి ఊట ఉంటుంది. కానీ కాలు ఆగిపోయేది పూర్తికాని గోపురాల ముందు. పై అంతస్తులు లేవు, కింది భాగమంతా నేల మట్టం నుంచి అంచు దాకా అంగుళం ఖాళీ వదలకుండా చెక్కారు. మామూలుగా గోపురం కింది భాగాన్ని సాదాగా వదిలి పైన సున్నపు గారతో చేసిన బొమ్మలు పెడతారు. ఇక్కడ ఆ సాదా భాగం మీదే పనంతా చూపించారు. పంతొమ్మిదో శతాబ్దపు కళాచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వీటిని అంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే. రాతి లతల అంచు వంపులు, నీడ పడే లోతు తెలియాలంటే ఏటవాలు వెలుతురు కావాలి. పొద్దున తెరిచిన గంటలో, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్ళండి.

చింతల గుడిలో విగ్రహం చింతచెట్టు తొర్రలో దొరికిందంటారు. గరుడ మండపాన్ని రాతి రథంలా మలిచారు. గోడల మీద రామాయణ, భాగవత కథలు వరసగా నడుస్తాయి. గుడి మీ కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణగా చూసుకుంటూ పోతే కథ తెగదు. రెండు గుళ్ళూ మధ్యాహ్నం మూసేస్తారు. బెలుం నుంచి ఒంటిగంటకు దిగి తలుపులు చూసి వెనుతిరిగేవాళ్ళు ఎందరో, అందుకే రాత్రి బస తాడిపత్రిలో పెట్టమంటున్నాను. బస్టాండు దగ్గర లాడ్జీలు మామూలువి. గది చూశాకే డబ్బు కట్టండి, రోడ్డువైపుది వద్దనండి. గుంతకల్లు - రేణిగుంట లైను మీద ఉన్న ఊరు కాబట్టి ఇక్కడి నుంచే రైలెక్కి ఇంటికి పోవచ్చు.

యాగంటికి వెళ్ళేవాళ్ళు బనగానపల్లె మీదుగా పోవాలి, అక్కడి నుంచి 14 కిలోమీటర్లు. అగస్త్యుని శాపం వల్ల కాకులు రావనీ, కలియుగాంతంలో నంది లేచి రంకె వేస్తుందని వీరబ్రహ్మంగారు చెప్పారనీ ప్రతీతి. నంది పెరిగి ప్రదక్షిణకు దారి చాలక ఒక స్తంభం తీసేశారని కూడా చెబుతారు. కొండ ఊటతో నిండే పుష్కరిణి, పైన గుహల దాకా మెట్లు ఉన్నాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, ఎండెక్కాక రాయి కాలుతుంది, పైగా చెప్పులు కింద వదలాలి. సోమవారాలు, శివరాత్రి రద్దీ తప్పించుకుని పొద్దున ఏడుకల్లా ఎక్కేస్తే పదిలోపు దిగి నంద్యాల బస్సు అందుకోవచ్చు.