కమోలిలో ఆరు రాత్రులు

ఇటలీలో జెనోవా నుంచి తూర్పు వైపు వెళ్లే రీజనల్ రైలు ఎక్కితే గంటలోపే కమోలి అనే చిన్న ఊరు వస్తుంది. పేరు రాతలో మధ్యన ‘జి’ ఉంటుంది గానీ పలకరు. పోయినసారి ఇటలీ వెళ్లినప్పుడు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఐదు రోజుల్లో చుట్టేశాం. ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ ఊరిదో మాకే తెలియలేదు. ఈసారి అమలాపురం నుంచి అత్తయ్య వచ్చారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అందుకే సెప్టెంబరులో ఒకే ఊళ్లో ఆరు రాత్రులు అనుకుని బయల్దేరాం.

కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరిది. చోటు లేక ఇళ్లు పైకి పెరిగాయి. ఆరేడు అంతస్తులు, ఒకదానికొకటి ఆనుకుని, కాషాయం, పసుపు, గులాబి రంగుల్లో ఉంటాయి. తెరచాప ఓడల కాలంలో ఇక్కడివాళ్లకి ఎన్ని ఓడలుండేవో ఏమో, ‘వెయ్యి తెల్ల తెరచాపల ఊరు’ అనే పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా బస సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మేం పొరపాటు చేసింది అక్కడే. అద్దె ఇంటి ప్రకటనలో ‘కొన్ని మెట్లు ఉంటాయి’ అని రాశారు. చూస్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. మా పాప లెక్కపెడితే ఎనభై రెండు మెట్లు. అడిగితే ఇంటివాళ్లు ‘పాత ఊరు కదా’ అన్నారు. నిజమే, కానీ ఆ మాట ముందే చెబితే మేం వేరే ఇల్లు చూసుకునేవాళ్లం. మీరు బుక్ చేసేముందు రెండే అడగండి: ఏ అంతస్తు, ‘అషెన్సోరె’ అంటే లిఫ్టు ఉందా లేదా. రైలు పట్టాలు ఊరి మధ్యనుంచే పోతాయి కాబట్టి రేవు వైపు గది అయితే రాత్రి నిద్ర బాగుంటుంది. చర్చి గంటలు మాత్రం ఎక్కడున్నా వినిపిస్తాయి. మాకు రెండో రోజుకే అలవాటైపోయాయి.

అత్తయ్య రోజుకి ఒక్కసారే దిగేవారు. మిగతా సమయమంతా కిటికీ దగ్గరే. మూడో రోజు ఎదురింటిని చూపించి, “ఆ పచ్చ కిటికీ ఎప్పుడూ తియ్యరేంటే? లోపల ఎవరైనా బాగోలేక ఉన్నారేమో” అన్నారు. నేనూ పరీక్షగా చూస్తే అది కిటికీ కాదు, బొమ్మ! తలుపు రెక్కలు, వాటి నీడ, చుట్టూ రాతి చెక్కడం, అన్నీ గోడ మీద రంగులతో వేసినవే. కమోలి ఉన్న లిగూరియా ప్రాంతమంతటా ఈ పద్ధతి ఉంది. ఆ రోజు నుంచి ఏది నిజం కిటికీ, ఏది బొమ్మ అని నానమ్మా మనవరాలూ పందేలు వేసుకున్నారు. ఒకే రోజులో ఊరు చూసి వెళ్లిపోతే మా కంట ఇది పడేదే కాదు.

తిండికి శాకాహారులకి ఇబ్బంది లేదు. ఫరినాతా అని దొరుకుతుంది: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. అత్తయ్య మొదటి ముక్కకే “మన శనగపిండి అట్టే కదే” అని కారప్పొడి డబ్బా తీశారు. జున్ను (చీజ్) పెట్టిన రెక్కో ఫొకాచా రొట్టె కూడా ఇక్కడ తినాల్సిందే. పక్క ఊరు రెక్కో పేరు మీద ఉన్నా, 2015లో వచ్చిన భౌగోళిక గుర్తింపు పరిధిలో కమోలి కూడా ఉంది. ఈస్టు వెయ్యరు, కాగితంలా సాగదీసిన రెండు పొరలంతే. కచ్చితమైన శాకాహారులకి ఒక మాట: పెస్తోలో, అంటే ఇక్కడి బేసిల్ ఆకుల పచ్చడిలో, వేసే పార్మెజాన్ జున్నుని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. హోటళ్లలో బిల్లు మీద మనిషికింత అని ‘కొపెర్తో’ వేస్తారు, అది మోసం కాదు, అక్కడి ఆచారం. మధ్యాహ్నం చాలా కొట్లు మూసేస్తారు, పాలూ కూరగాయలూ పొద్దున్నే తెచ్చుకోవాలి.

సాన్ ఫ్రుత్తువోసోకి మాత్రం తప్పక వెళ్లండి. రోడ్డు లేదు. పడవలో అరగంట, లేదా కొండదారిన కొన్ని గంటలు నడక. చిన్న గుంట లాంటి తీరంలో పాత మఠం, లోపల జెనోవాకి చెందిన దోరియా అనే పాత ప్రభు వంశీకుల నలుపు తెలుపు చారల సమాధులు. 1915లో వరద వచ్చి మఠంలో కొంత భాగం కూలింది. అప్పుడు కొట్టుకొచ్చిన రాళ్లూ మట్టే ముందున్న తీరంగా మిగిలాయి. అక్కడి నీళ్ల అడుగున, పదిహేడు మీటర్ల లోతులో, 1954లో నిలిపిన క్రీస్తు కంచు విగ్రహం చేతులు పైకెత్తి ఉంటుంది. నీళ్లలోకి దిగలేనివాళ్లకి చర్చిలో దాని నకలు ఉంది. సముద్రం పోటెత్తితే పడవలు నడవవు. మాకు ఒక రోజు అలాగే పోయింది. ఆరు రోజులున్నాం కాబట్టి మర్నాడు వెళ్లగలిగాం.

ఆ పడవలోంచే తొన్నరెల్లా కనిపిస్తుంది. వందల ఏళ్లుగా ఇక్కడ వేస్తున్న పెద్ద వల ఇది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలోనే ఉంటుంది. ఏటా కొత్తగా అల్లుతారు, నైలాను కాదు, కొబ్బరి పీచుతో. రేవులో చుట్ట చుట్టి ఉన్న తాడుని అత్తయ్య వేళ్లతో నలిపి చూసి, “పీచే! వీళ్లకి కొబ్బరిచెట్లెక్కడివి?” అని అక్కడున్న పెద్దాయన్ని తెలుగులోనే అడిగేశారు. ఆయనకి భాష అర్థం కాలేదు గానీ, తాడు పురి విప్పి మళ్లీ ఎలా పెనవేయాలో చేతులతో చూపించారు. అత్తయ్య తన పద్ధతి చూపించారు. పావుగంట వాళ్లిద్దరూ అలా కూర్చున్నారు.

తీరం గులకరాళ్లది, చెప్పులు లేకుండా నడవలేం. ఇసుకలో ఆడుకోవాలనే పిల్లలుంటే ఈ ఊరు నప్పదు. మళ్లీ వెళ్తే మే నెల రెండో ఆదివారానికి వెళ్లాలని ఉంది. 1952 నుంచి జరుగుతున్న చేపల పండుగలో పెద్ద బాండీ పెట్టి రేవులోనే వేయిస్తారట, పాత బాండీ ఒకటి గోడకి వేలాడుతుంటే చూశాం. ఇల్లు మాత్రం ఈసారి రేవు వైపు, రెండో అంతస్తు దాటకుండా తీసుకుంటాం.