టైమింగ్ చైన్ ఒక్కటే మార్చాలా, సెట్ మొత్తమా?

భవానీ ద్వీపం వైపు తిరిగే ఫోర్ స్ట్రోక్ బోటు మోటారు స్టార్ట్ కాకపోతే ముందే టైమింగ్ చైన్ (క్రాంకు తిరుగుడికీ వాల్వుల కదలికకీ లంకె కలిపే గొలుసు) మీద నింద వేయకండి. కిల్ స్విచ్ (ఇంజను ఆపే స్విచ్) క్లిప్పు, పెట్రోలు పైపు మీది నొక్కుడు బల్బు, బ్యాటరీ చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 9.6 కంటే పడిపోతే తప్పు బ్యాటరీదో, టెర్మినళ్లదో. కంప్రెషన్ అన్ని సిలిండర్లలో ఒకేలా తగ్గి, చల్లటి ఇంజను గలగలమంటూ ఉంటేనే చైన్‌ని అనుమానించాలి. చైన్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీద పళ్లు దాటిందనిపిస్తే ఇక సెల్ఫ్ కొట్టొద్దు, వాల్వులు వంగొచ్చు.

ఖర్చు: చైన్ ఒక్కటైతే సామాను చవక. సెట్ అంటే చైన్‌తో పాటు టెన్షనర్ (చైన్‌ని బిగువుగా ఉంచేది), గైడ్లు (చైన్ జారుతూ నడిచే పట్టీలు) కూడా.

శ్రమ: రెండింటికీ ఒకటే. చైన్ ఉన్న చాలా మోడళ్లలో అది పవర్‌హెడ్ (మోటారు పైభాగంలోని ఇంజను) అడుగున ఉంటుంది, పవర్‌హెడ్‌ని దించాల్సిందే. అసలు బిల్లు ఇక్కడే.

రిస్కు: అరిగిన స్ప్రాకెట్ పళ్ల మీద కొత్త చైన్ తొందరగా పాడవుతుంది. టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేదైతే, పాత ఆయిల్ మడ్డికి అది ఇరుక్కుని చైన్ మళ్లీ వదులవుతుంది. ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తుంటే ఏది వేసినా దండగే. ముందు అది ఎక్కడి నుంచి దిగుతోందో పట్టుకోవాలి.

ఏది వేసినా టైమింగ్ గుర్తులు కలిపాక, ప్లగ్గులు తీసి క్రాంకును తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ సరిచూడాలి.

టెన్షనర్, గైడ్లు ఈమధ్యే మార్చి, గైడ్లపై గాడి పడకపోతే, స్ప్రాకెట్ పళ్లు అరగకపోతే చైన్ చాలు. రోజూ టూరిస్టులను ఎక్కించే బోటుకైతే సెట్టే వేయించండి.